చంకలో పట్టేసిన సూటు

వరహాలమ్మకు కోపం ముక్కుమీదే ఉంటుందని కిరండూల్ బజారంతా చెప్పుకునేది. తప్పేం లేదు, ఉండేది. పొద్దున్నే కుట్టు మిషను మీద కాలు పెట్టగానే మొదలయ్యేది. రైల్వేలో పట్టాల పని చేసే ఆవిడ భర్త రామ్మూర్తి సాయంత్రం ఇంటికొచ్చి, "ఏటే, ఇయాల ఎవుల్ని కడిగీసినావు?" అని అడిగేదాకా సాగేది. అయితే ఆ కోపానికి కారణం లేదని ఎవరైనా అంటే మాత్రం కళ్లు పోతాయి.

కారణం ఒకటే. గీసేవాడొకడు, కోసేది ఈవిడ, తిట్లు తినేది కూడా ఈవిడే. బొబ్బిలి పక్క పల్లెటూరి నుంచి పెళ్లయి ఈ ఇనప కొండల్లోకి వచ్చి పద్దెనిమిదేళ్లయింది. అందులో పదిహేనేళ్లు మిషను తొక్కింది. బడి పంతులమ్మ ఒకావిడ ఆడపిల్లల గౌనుకు కాగితం మీద పన్నెండు కుచ్చులు గీసి పంపిస్తుంది. ఇచ్చిన గుడ్డలో ఎనిమిదే వస్తాయి. మిగతా నాలుగూ ఎవరు మింగారని అడిగేది ఎవర్ని? వరహాలమ్మని. పనివాళ్ల చొక్కాకు జేబు ఎక్కడుండాలో రాయపూర్‌లో కూర్చుని ఎవడో గీస్తాడు. ఆ జేబు సరిగ్గా బెల్టు కిందికి వస్తుంది, అందులో బీడీకట్ట పెట్టినవాడు వంగితే బీడీలు పొడి. తిట్టేది ఎవర్ని? మళ్లీ వరహాలమ్మనే. కత్తెర పట్టుకున్నది తను కదా, కాగితం పట్టుకున్నవాడు ఎక్కడో ఫ్యాను కింద ఉంటాడాయె.

ఒక్క రామ్మూర్తి తోటి గ్యాంగువాళ్ల చొక్కాలే ఎవరూ గీయకుండా ఆవిడే గీసి ఆవిడే కోసేది. మొదట్లో రామ్మూర్తి చొక్కా వారానికోసారి చంకలో చిరిగేది. చేతులు వేలాడేసి నుంచున్నవాడికి కొలిచి, ఆ చొక్కాతో సుత్తి ఎత్తమంటే చిరగక ఏం చేస్తుంది? చంక కింద పలక ఆకారంలో చిన్న ముక్క వేసి చూసింది. చొక్కా వెలిసిపోయింది గాని చిరగలేదు. ఆ తర్వాత లైను పొడుగునా ఉన్న గ్యాంగువాళ్లంతా ఆవిడ కొట్టుకే వచ్చేవారు. వాళ్లెవరూ ఆవిడ చేత తిట్లు తిన్నది లేదు.

ఇలాంటి మనిషి దగ్గరికి ఆ డిసెంబరులో జయరావు వచ్చాడు, గొట్టంలా చుట్టిన డ్రాయింగొకటి పట్టుకుని. గనికి నీళ్లిచ్చే డ్యాము దగ్గర చిన్న కాంట్రాక్టరొకడుండేవాడు, జయరావు అతని సూపర్‌వైజరు. విశాఖలో డ్రాయింగు నేర్చుకున్నవాడు. పెన్సిలు చెక్కాడంటే సూదికన్నా సన్నంగా ఉండాలి. అతని వెనకే నల్లటి స్పంజి రబ్బరు షీట్ల చుట్ట భుజం మీద మోసుకుంటూ కోస అనేవాడొకడు వచ్చాడు.

కోసది మరైగూడ. కొండజాతుల్లో దొర్ల తెగ, శబరి నదిలో ఈతకొడుతూ పెరిగినవాడు. డ్యాము అడుగున పంపులోకి నీళ్లు లాగే పెద్ద గొట్టం ఉంటుంది, దాని మూతికి ఇనప జాలీ. కొండ మీంచి కొట్టుకొచ్చిన ఆకులూ కొమ్మలూ ఆ జాలీకి పట్టేస్తే పంపుకు నీళ్లందవు. గట్టు మీద యంత్రం గాలి పంపిస్తుంటే, ఆ గాలి గొట్టం నోట కరుచుకుని, నడుముకు సైగ తాడు కట్టుకుని కిందికి దిగి జాలీ శుభ్రం చెయ్యడం కోస పని. చలికాలం ఆ నీళ్లలో పావుగంటకే పళ్లు టకటకలాడి, వేళ్లు కొంకర్లు పోతాయి. బొంబాయి నుంచి తెప్పించిన రబ్బరు సూటు ఆరడుగుల వాడికి చేసింది. కోస చూస్తే ఐదడుగుల మూడంగుళాలు, ఛాతీ మాత్రం తలుపంత. అందుకని సూటు ఇక్కడే కుట్టించాలని కాంట్రాక్టరు అనుకున్నాడు.

జనవరి మూడో వారంలో పెద్ద ఇంజనీరు వచ్చి చూస్తాడు. సూటు కుదిరి కోస నీళ్లలో గంటసేపు నిలిస్తే అతనికి మూడేళ్ల పని. లేదంటే సొంత సూట్లతో నీళ్లలోకి దిగే డైవర్లు బొంబాయి నుంచి దిగుతారు, కోస ఊరికి బస్సెక్కుతాడు.

"డిజైను నాది, కటింగు మీది వరహాలమ్మగారూ," అన్నాడు జయరావు, డ్రాయింగు బల్ల మీద పరిచి. "గీత దాటకండి, అంతే చాలు."

"కొలతలు ఎవులు తీసినారు?"

"నేనేనండి."

"ఎలగ నిలబెట్టినావు?"

"ఎలా ఏమిటండీ, నిటారుగా. అటెన్షన్‌లో."

"నీల్లలోకి దిగి సెల్యూట్ కొడతాడేటి ఈడు?"

జయరావు నవ్వేసి డ్రాయింగు అంచులు సాపు చేశాడు. కోస నేల చూపులు చూశాడు.

ఆ రబ్బరు ఎప్పుడూ చూసింది కాదు కాబట్టి మొదటి సూటు ఆవిడ గీత మీదే కోసింది. జయరావు ఒంటి కొలతకు యూనిఫారానికి వదిలినట్టు రెండంగుళాల లూజు వదిలాడు. మిషను మీద కుడితే రెండు సూదులు విరిగాయి. కోస దాంట్లో డ్యాములోకి దిగాడో లేదో, మెడ దగ్గర్నుంచీ చేతుల దగ్గర్నుంచీ నీళ్లు గటగటా లోపలికి పోయాయి. పైకొచ్చాక కాళ్ల దగ్గర పట్టుకుని బిందె వంచినట్టు వంచాల్సి వచ్చింది.

"ఎలాగుందిరా?" అంది వరహాలమ్మ.

"మంచిగున్నదక్కా," అన్నాడు కోస, వణుకుతూ.

బొంబాయి సూటుతో వచ్చిన కాగితాన్ని జయరావు అప్పుడు తీరిగ్గా చదివాడు. కొంచెం నీరు లోపలికి పోయినా ఫర్వాలేదట. ఒంటి వేడికి ఆ నీరు వెచ్చబడి సూటు కిందే ఉండిపోవాలట. వదులుగా ఉంటే వెచ్చటి నీళ్లు బయటికి పోయి చన్నీళ్లు లోపలికొస్తాయి. అంటే సూటు ఒంటికన్నా చిన్నదిగా ఉండి, సాగి పట్టుకోవాలి. ఇది ముందే చదవడానికి ఏం రోగమని వరహాలమ్మ అడిగింది. అడగడమంటే బజారు చివరున్న కిరాణాకొట్టుదాకా వినపడేట్టు అడిగింది. కోస అక్కడే రబ్బరు చుట్ట మీద కూర్చుని అంతా విన్నాడు.

జయరావు డ్రాయింగు మీది గీతలన్నీ చెరిపి, ఒళ్లంతా ఒకే లెక్కన తగ్గించాడు. ఛాతీ దగ్గరెంతో చంక దగ్గరా అంతే.

"బాబూ, సంకలో తగ్గించీకు. అక్కడ ముక్క ఎయ్యాల. ఆడు సేతులు ఎత్తాలి గదా," అంది వరహాలమ్మ.

"డ్రాయింగు రాయపూర్‌లో పాసైపోయిందండీ. సంతకం కూడా అయింది. కొలతలంటే నేను తగ్గించుకోవచ్చు గాని, కొత్త ముక్కలు చేరిస్తే నన్నడుగుతారు."

సంతకమైన కాగితానికి చేతులెత్తే పని లేదు, దానికేం. వరహాలమ్మ పళ్లు కొరుక్కుంటూ రెండో సూటు కోసింది. వేసుకోడానికే కోసకు అరగంట పట్టింది, ఇద్దరు మనుషులు పట్టి లాగితే గాని ఎక్కలేదు. కానీ చూడ్డానికి మాత్రం గట్టు మీద అటెన్షన్‌లో నుంచుంటే ముడతన్నది లేదు, అచ్చం డ్రాయింగే. జయరావు మురిసిపోయాడు.

కోస ఇరవై నిమిషాలు నీళ్లలో ఉన్నాడు. పైకొచ్చి రాళ్ల మీద వెల్లకిలా పడుకుని చాలాసేపు లేవలేదు. ఎండ కాగుతున్నాడనుకున్నారు. వరహాలమ్మ గట్టు మీంచే అరిచింది:

"ఎలాగుంది?"

"మంచిగున్నదక్కా. వెచ్చగున్నది."

మర్నాడు షీట్లు సర్దడానికి కోస బనీనుతో కొట్టుకొచ్చాడు. చేతులు పైకెత్తినప్పుడు వరహాలమ్మ చూసింది. రెండు చంకల్లోంచి ఛాతీ మీదుగా గొంతుదాకా ఎర్రటి వాతలు, తాడుతో కట్టినట్టు.

"ఇదేట్రా?"

"ఏం గాలేదక్కా."

"సూటు పట్టీసింది గదరా! నిజం సెప్పు, లోన ఎలాగుంది?"

"మంచిగనే ఉన్నది."

గోడకేసి తల కొట్టుకుందామా అనిపించింది. జయరావును పిలిపించి వాతలు చూపించింది. అతను చూశాడు, ఒక్క క్షణం మొహం పాలిపోయింది కూడా, కానీ సంతకం గుర్తొచ్చింది కాబోలు. "తొడుక్కున్నవాడే బాగుందంటున్నాడు కదండీ. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నాడు.

ఆ సాయంత్రం రామ్మూర్తి దగ్గర గోడు వెళ్లబోసుకుంది. "కొండోల్ల పద్దతి అంతేనయ్యా. ఏటిచ్చినా బాగుందనీడమే. ఇచ్చినోల్ని తప్పు పట్టకూడదనుకుంటారు గావాల. ఇలగైతే ఎలగ కుట్టీది?"

రామ్మూర్తి కాళ్లు కడుక్కుంటూ అన్నాడు: "ఆడి నోరు సెప్పకపోతే ఆడి ఒంటినడుగు. నా సొక్కాకి నన్నడిగినావేటి? సిరిగిన కాడ సూసినావు, కుట్టినావు."

ముప్పై మాటలకొక్క మాట మాట్లాడే మనిషి, ఆ ఒక్కటీ పనికొచ్చేదే మాట్లాడతాడు. వరహాలమ్మకు దాని మీదా ఒళ్లు మండింది. ఆ మాట తనకెందుకు తట్టలేదని.

ఆదివారం కోసను రమ్మంది. కొట్టు గోడకు తల కన్నా ఎత్తులో ఓ పాత జల్లెడ తగిలించింది.

"ఇదే జాలీ. డ్యాములో ఏటి సేస్తావో ఇక్కడ సెయ్యి."

కోస సిగ్గుపడ్డాడు. దారినపోయేవాళ్లు చూస్తారన్నాడు. ఆవిడ తలుపు వేసింది. అప్పుడు మెల్లగా ఒక మోకాలు గోడకు తన్ని పెట్టి, ఎడమచేత్తో జల్లెడ పైఅంచు పట్టుకుని, కుడిచెయ్యి తల వెనకనుంచి చాపి లాగడం మొదలెట్టాడు. నడుము మెలిపడింది, వీపు విల్లులా వంగింది, రెండు చేతులూ చెవులు దాటి పైకి పోయాయి. వరహాలమ్మ నోరు తెరుచుకుని చూసింది. ఈ మనిషినా ఇన్నాళ్లూ అటెన్షన్‌లో కొలిచింది?

"అలాగే ఉండు. కదలకు."

పాత దుప్పటి వెడల్పు పట్టీలుగా చింపి మెడ నుంచి నడుము దాకా, మణికట్ల దాకా బిగించి చుట్టి పిన్నులు పెట్టింది. సుద్దముక్క తీసుకుని అతని ఒంటి మీదే గీతలు గీసింది. కుట్టు చంక మధ్యలో పడకూడదు, పక్కకు తప్పుకోవాలి. చెయ్యీ పక్కా కలిసి ఒకే ముక్కగా రావాలి. గాలి పీల్చినప్పుడు ఛాతీ ఎక్కడ ఉబ్బుతుందో అరచెయ్యి పెట్టి చూసి అక్కడ ఇంకో గీత పెట్టింది. చేతులు దించమంది, మళ్లీ ఎత్తమంది, లాగిన చోటల్లా చెరిపి గీసింది. ఆ తర్వాత కత్తెర తీసుకుని ఆ గీతల వెంటే కోసేసింది. కోస కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

ముక్కలు నేల మీద పరిస్తే పదకొండు వచ్చాయి. జయరావు డ్రాయింగులో ఆరే. చొక్కాలాగా లేదు, మనిషిలాగా లేదు, చిరిగిన అరిటాకుల్లా ఉన్నాయి. కానీ వరహాలమ్మ వాటి పక్కన బాసిపట్టు వేసుకుని కూర్చుని చాలాసేపు చూసింది. గీసింది తనే, కోసింది తనే, అదీ మనిషి ఒంటి మీదే. ఇక తప్పైనా ఒప్పైనా తనదే. ఇన్నేళ్ల తర్వాత ఆవిడకు కాస్త హాయిగా అనిపించింది.

ఆ హాయి సోమవారం పొద్దున జయరావు వచ్చేదాకానే.

"ఇదేమిటండీ?" అన్నాడు అతను, దుప్పటి ముక్కల్ని చూపుడువేలుతో పక్కకు జరిపి. "ఇలా కోస్తే నుంచున్నప్పుడు భుజాల మీద ముడతలొస్తాయి. పెద్ద ఇంజనీరు ముందు నుంచోబెట్టి ఫొటో తీస్తారండీ."

"ఫొటోకి నువ్వెల్లి నిలబడు. నీల్లలోకి ఆడు దిగుతాడు."

"రబ్బరు ఇంకొక్క సూటుకే ఉంది. పాడైతే బాధ్యత మీదే."

"ఎప్పుడు కాదు నాయనా?"

జయరావు డ్రాయింగు మూల వేలితో తట్టి, "నా సంతకం ఉందండీ దాని మీద," అన్నాడు చిన్నగా. అతనికీ ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు, పై నుంచి అడిగేవాళ్లున్నారు. ఆ సంగతి వరహాలమ్మకు తెలుసు, తెలిసే ఇంకా చిరాకు. వెళ్తూ వెళ్తూ డ్రాయింగు బల్ల మీదే వదిలి వెళ్లాడు. ఆవిడ దాన్ని చుట్టి మూలన పెట్టి, మిగిలిన ఒక్క షీటు మీద దుప్పటి ముక్కలు పరిచింది. ఈ కత్తెర తప్పు పడితే కోస ఊరికి పోవాలి. తప్పు తన మీద పడకుండా ఆ జయరావు గీతే కోస్తే అడుగున ఏమవుతాడో ఎవరికి తెలుసు. సుద్దగీత గీసింది, కోసింది.

అంచులకు బంక రాసి, ఆరనిచ్చి, మళ్లీ రాసి అతికించింది. ఈసారి మిషను జోలికి పోలేదు. సూది ఈ వైపు నుంచి ఆ వైపుకు దిగితే ఆ బెజ్జంలోంచే నీళ్లొస్తాయని మొదటి సూటులో చూసింది కదా. చెప్పులు కుట్టే అతన్నడిగి వంకర సూది తెచ్చి, రబ్బరు సగం మందంలోనే పట్టేట్టు చేత్తో కుట్టింది. అయిదు రోజులు. బంక వాసనకు తలనొప్పి, సూదికి వేళ్లు కన్నాలు. గౌన్లు తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లందరికీ అక్షింతలు పడ్డాయి. వాళ్లూ అలవాటైనవాళ్లే.

పెద్ద ఇంజనీరు వచ్చిన రోజు డ్యాము మీద మంచు ఇంకా విడలేదు. కోసను సూటు తొడిగి అటెన్షన్‌లో నిలబెట్టారు. జయరావు చెప్పినట్టే భుజాల మీద మూడేసి ముడతలు లేచాయి. ఇంజనీరు చుట్టూ తిరిగి చూసి, "యే క్యా హై, బోరా?" అన్నాడు, ఇదేం గోనెసంచి అన్నట్టు. పక్కవాళ్లు నవ్వారు.

"టైలర్ నే కాటా హై, సాబ్," అన్నాడు జయరావు నేలచూపులతో.

ఇంకేముంది, కోసింది టైలరే. వరహాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

కోస గాలి గొట్టం నోట పెట్టుకుని దిగాడు. నీళ్ల మీద బుడగలు మాత్రమే కనిపిస్తున్నాయి. వరహాలమ్మ వాటినే చూస్తూ కూర్చుంది. పది నిమిషాలు. ఇరవై. అరగంటకు ఇంజనీరు టీ తాగడానికి పక్కకు వెళ్లాడు, ఆవిడ కదల్లేదు. ఆకుల మోపులు ఒక్కొక్కటే పైకి తేలుతున్నాయి, తర్వాత ఓ కొమ్మ, తర్వాత చిక్కుపడ్డ తీగల పెద్ద ముద్ద. గంట దాటి ఐదు నిమిషాలకు పంపు శబ్దం మారింది, గొట్టంలోకి నీళ్లు నిండుగా లాగుతోంది. కోస తల పైకి లేచింది.

ఇంజనీరు కాగితం మీద సంతకం పెట్టాడు. డిజైన్ ఎవరిదని అడిగితే, "హమారా హీ హై, సాబ్," అంటూ తమ ఖాతాలో వేసుకున్నాడు జయరావు.

వరహాలమ్మ లేచింది. పదిహేనేళ్ల కోపం ఒక్కసారిగా గొంతులోకి వచ్చింది. నోరు తెరిచేలోపు కోస వచ్చి ఆవిడ పక్కన రాయి మీద కూలబడ్డాడు. మొహం మీద నీళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు.

"అక్కా, ఇయ్యాల ఊపిరాడింది."

"ఇయాలంటే ఏట్రా?"

కోస నవ్వు ఆపాడు. అనకూడనిది అన్నానని తెలిసినట్టుంది. ఆవిడ వదల్లేదు. చివరికి నీళ్లకేసి చూస్తూ చెప్పాడు. "గా దినం ఆడలే. చేతులు మీదికి వెట్టిన, మల్ల కిందికి రాలే. రొమ్ము మీద బండ వెట్టినట్టయింది. సైగ తాడు గుంజుదామంటే చెయ్యి అందలే. రెండుసార్లు కండ్లు చీకట్లు గమ్మినయ్. ఇగ అయిపోయిందనుకున్న. కాళ్లతోని జాలీని తన్ని ఎట్లనో బయటవడ్డ."

వరహాలమ్మకు ఆ రాళ్లూ, వాటి మీద వెల్లకిలా పడుకున్న మనిషీ కళ్లముందుకొచ్చాయి. ఆరోజు తను దూరం నుంచి "ఎలాగుంది?" అని అరిచింది.

"మరి మంచిగుందన్నావేట్రా?"

"నువ్వు కోపం జేస్తవని."

"నేనా?"

"వారం దినాలు కూసొని కుట్టినవ్. బాగలేదంటే మల్ల ఇప్పాలె. జయరావు సారును నువ్వు ఎట్ల తిట్టినవో చూసిన గదక్కా. నాకు భయమైంది."

"నీల్లకి బయపడనోడివి, నాకు బయపడినావా?"

"నీళ్లు తిట్టయి గదక్కా," అన్నాడు కోస. తప్పు పట్టడానికి అన్నది కాదు, ఉన్నమాట చెప్పాడు.

వరహాలమ్మ కూర్చుండిపోయింది. వాళ్ల పద్ధతనుకుంది, కొండమనిషి మర్యాదనుకుంది, మొగుడితో కూడా అదే చెప్పింది. అటెన్షన్‌లో కొలిచిన జయరావును తిట్టింది, సంతకాన్ని తిట్టింది, రాయపూర్‌ను తిట్టింది. వీడు తన నోటికి జడిసి నీళ్లడుగున ప్రాణం వదిలేసేవాడు. భయమో సిగ్గో ఆవిడకే తెలియలేదు, రెండూ ఉన్నాయి. కళ్లనిండా నీళ్లొచ్చాయి.

"వరహాలమ్మగారూ," జయరావు వచ్చి నిలబడ్డాడు, తిట్లకు సిద్ధపడ్డవాడిలా ఓ అడుగు దూరంలో. "ఆ దుప్పటి ముక్కలు ఇప్పిస్తే డ్రాయింగులోకి ఎక్కించేస్తానండీ. ఇంకా నాలుగు సూట్లు కావాలంటున్నారు."

"తరవాత బాబూ," అంది ఆవిడ. ఆ మాట అంత మెత్తగా రావడం చూసి జయరావు కంగారుపడి, ఒంట్లో బాగాలేదా అని అడిగి వెళ్లిపోయాడు.

వరహాలమ్మ కొంగుతో మొహం తుడుచుకుని కోసవైపు తిరిగింది.

"ఇంకెక్కడ పట్టింది? సెప్పు. నేనేటీ అన్ను."

కోస ఆవిడ మొహంకేసి చూశాడు. తర్వాత కొంచెం వెనక్కి జరిగి కూర్చుని, "మెడ కాడ," అన్నాడు. "ఒరుస్తాంది."

ఆవిడ చెయ్యి చాపి అతని మెడ మీద కుట్టు తడిమింది. "ఇక్కడా?"

"ఇంకొంచెం కిందికక్కా."